మెట్లకు వేసిన వెలుగు

డాక్టర్ సువర్చల గిన్నెలో ఒకవంతు పొడికి రెండువంతుల వార్నిష్ పోసి గరిటెతో కలుపుతోంది. ఆ పొడి స్ట్రాన్షియం అల్యూమినేట్. పగలు ఎండను తాగి, చీకటి పడ్డాక ఆ వెలుగును మెల్లగా వదులుతుంది. ఊక బూడిద కలిపి కాలిస్తే తెల్లవార్లూ వెలుగుతుందని ఆమె 2043లో కనిపెట్టింది. పేటెంట్ తీసుకోలేదు. ఇంట్లోనే రంగు కలుపుకోవడం కొండవాలు కాలనీ ఆడవాళ్లకు నేర్పింది.

ఆ కాలనీకి నూటఎనభై మెట్లు. ఒక్క వీధిదీపం లేదు. పదకొండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. చేపలమ్మే అప్పయ్యమ్మ ముందుండి మెట్ల అంచులన్నిటికీ ఈ రంగు వేయించింది. ఆ సాయంత్రం కొండంతా ఆకుపచ్చగా వెలిగింది.

ఫొటోలు పేపర్లో పడ్డాయి. నెల తిరక్కుండా దీపాల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. కాలనీని 'స్వయంప్రకాశిత ప్రాంతం'గా గుర్తించారట. పాత అర్జీల మీద ఈమధ్యే మంజూరైన ముప్పై దీపాలూ రద్దు చేశారట.

ఆషాఢంలో తొమ్మిది రోజులు మబ్బు విడవలేదు. ఎండ లేక రంగు వెలగలేదు. గంపతో ఇంటికి ఎక్కుతున్న అప్పయ్యమ్మ కాలు జారి పద్నాలుగు మెట్లు దొర్లింది. తుంటి ఎముక విరిగింది.

సువర్చల నేరుగా శాఖ ఇంజనీర్ ఫణిభూషణ్ దగ్గరికి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. జరిగింది చెప్పి దీపాలు వేయమంది. వానల్లో వెలగకపోవడం రంగు లోపమే గానీ శాఖ లోపం కాదని ఆయన ఓపిగ్గా వివరించాడు.

"మెట్లు వెలుగుతున్నాయని రికార్డులో ఉంది మేడమ్. వెలిగే చోట దీపం ఎలా ఇస్తాం?"

"రంగే లేకపోతే?"

"అప్పుడు మళ్లీ తనిఖీ చేసి, రూల్ ప్రకారం ఇస్తాం."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆస్పత్రికి వెళ్లి ఆ మాట అప్పయ్యమ్మకు చెప్పింది.

"గీకేయండమ్మా," అంది అప్పయ్యమ్మ. "నాను లెగలేను గానీ, మావోళ్లందర్నీ తీసుకెళ్లండి. ఒక్క మెట్టూ మిగలకూడదు."

మర్నాడు ఎనభైమంది ఆడవాళ్లు అట్లకాడలు, ఉలులు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. సువర్చలే మొదలుపెట్టింది. వేళ్లు తెగినా ఆపలేదు.

వారం తర్వాత, పొద్దుగూకాక ఫణిభూషణ్ తనిఖీకి వచ్చాడు. కింది మెట్టు దగ్గరే ఫోన్ లైటు వేసుకున్నాడు.

"అది ఆపండి," అంది సువర్చల. "చీకటిగా ఉందని రాసేముందు నూటఎనభై మెట్లూ ఎక్కి రండి."

ఆయన తడుముకుంటూ పదమూడో మెట్టు దాకా వెళ్లి, అక్కడే కూలబడి, చీకటేనని రాసి సంతకం పెట్టాడు.

దీపాలు వెలిగిన రోజున అప్పయ్యమ్మను నలుగురు కుర్చీలో మోసుకుని పైకి తీసుకెళ్లారు. ఆమె ఒక్క దీపం వంకా తలెత్తి చూడలేదు; తాను రంగు వేయించి, గీకించిన మెట్ల అంచులనే చూస్తూ వెళ్లింది.