దాలమ్మ పదకొండు రోజులు

శర్వాణి కుడిచెయ్యి గాలిలో సూదికి దారం ఎక్కిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ అమ్మాయి ఒక్క గుండీ కుట్టుకున్నది లేదు. అయినా వేళ్లు తడబడలేదు. మోకాళ్లలో సలుపు, ముక్కుకి కుట్టుమిషను నూనె వాసన. అంతలోనే రోడ్డు మీద నిలబడి ఉంది, ఎదురుగా షట్టరుకి తాళం వేస్తున్న యజమాని వీపు. కళ్లు తెరిచేసరికి లా కాలేజీ లాబ్, నెత్తిమీద వెండిరంగు టోపీ, చెంపల మీద తనవి కాని కన్నీళ్లు.

"ఎంతసేపయింది సార్?"

"ఇరవై నిమిషాలు," అన్నాడు డాక్టర్ కృపానందం. "నువ్వు బతికింది మాత్రం పదకొండు రోజులు."

ఆ టోపీ ఆయన పదేళ్ల కష్టం. మనిషికి ఏదైనా జరిగినప్పుడు మెదడులోని కణాలు ఒక వరసలో ఉత్తేజితమవుతాయి. టోపీ ఆ వరసని కాపీ చేసుకుని, ఇంకొకరి మెదడులో మళ్లీ నడిపిస్తుంది. డాక్టరీ చదివేవాళ్లకి ఆసుపత్రి ఉంది, లా చదివేవాళ్లకి పుస్తకాలు తప్ప ఏముందని బాధపడిన మనిషి ఆయన. ఇప్పుడు విద్యార్థి కక్షిదారు కష్టాన్ని స్వయంగా అనుభవించి కేసు రాస్తాడు. కక్షిదారుతో ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసుని విశాఖలోని ఆ కాలేజీ టోపీ వచ్చిన ఏడే ఎత్తేసింది.

దాలమ్మకి అరవై రెండేళ్లు. ఊళ్లోని ఓల్డ్‌టౌన్‌లో జాకెట్లు కుట్టేది. ముందు గదిలో మిషను, వెనకగదిలో కాపురం. భర్త పోయి ఆరేళ్లయింది. ఖాళీ చెయ్యమని పదిరోజులు సతాయించి, పదకొండో రోజున ఆమె కూరలు కొనుక్కుని వచ్చేసరికి యజమాని తాళం వేసేస్తున్నాడు. మిషను లోపలే ఉండిపోయింది, ఆమె పక్కింట్లో తలదాచుకుంది. కాలేజీలో ఉచితంగా కేసులు చూస్తారని ఎవరో చెబితే వచ్చింది.

"నొప్పెడతాదా బాబూ?" అని అడిగింది టోపీ పెడుతుంటే.

"ఏమీ ఉండదమ్మా. కళ్లు మూసుకోండి."

"మరి నానేటి సెప్పాల?"

"మీరేం చెప్పనక్కర్లేదు," అన్నాడు కృపానందం దయగా. "గొడవ జరిగిన రోజుల్ని మాత్రమే ఇది తీసుకుంటుంది."

శర్వాణి ఆ కేసుని ప్రాణం పెట్టి రాసింది. హాస్టల్ మెస్సులో కూర్చుంటే చుట్టూ యాభైమంది ఉన్నా మాటలుండేవి కావు. ఒకరిలో ఉద్యోగం పోయిన డ్రైవరు, ఇంకొకరిలో పిల్లని పోగొట్టుకున్న తల్లి. ఎవరి బరువు వాళ్లు మోస్తూ అన్నం కలుపుకునేవాళ్లు. శర్వాణికి ఆ ఊళ్లో అందరికంటే దగ్గరి మనిషి దాలమ్మే అనిపించేది. ఆమెకి తన పేరైనా తెలియదని గుర్తొచ్చినప్పుడు మనసు చివుక్కుమనేది.

దాలమ్మ మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఒక్క మాట సెప్పాలమ్మా," అంది.

"నాకంతా తెలుసమ్మా," అంది శర్వాణి, ఆమె చెయ్యి పట్టుకుని, నిజంగానే ప్రేమగా. "మీరు దిగులు పడకండి. తీర్పు వచ్చేదాకా ఊరు మాత్రం దాటొద్దు. కోర్టువాళ్లు ఎప్పుడైనా చూడ్డానికి రావచ్చు."

ఇంకో మూడుసార్లు వచ్చింది. ఎవరుంటే వాళ్లు అదే మాట చెప్పి పంపారు.

ఎనిమిది నెలలకి గెలిచారు. గది దాలమ్మకి అప్పగించమని కోర్టు చెప్పింది. ఆ ఏడాది కాలేజీలో అత్యధిక మార్కులు ఆ కేసుకే.

గది తాళం దాలమ్మ చేతికొచ్చాక, తీర్పు కాపీ ఇవ్వడానికి శర్వాణి స్వయంగా అక్కడికి వెళ్లింది. విరిగిన మెట్టుని చూడకుండానే దాటింది. దాలమ్మ టీ పెట్టబోతుంటే పంచదార డబ్బా తనే తీసి అందించింది. దాలమ్మ బెదురుగా చూసింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి ఎప్పుడూ చూడని ఫొటో ఒకటి, కొత్త దండతో.

"ఈవిడెవరమ్మా?"

ఆ కాలేజీ మనుషుల్లో దాలమ్మని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నా సెల్లి నూకాలు. సోంపేటలో ఉండేది. మంచాన పడి, అప్పా వచ్చేయవే, ఇద్దరం కలిసుందాం అని కబురెట్టింది. ఈ గది నాకెందుకమ్మా, ఆయన పోయిన కాడ్నించి ఒక్కర్తినీ ఉండనేకపోతన్నాను. మిషను ఇప్పిస్తే అట్టుకుని ఎల్లిపోదారనుకున్నాను. కేసేసిన అయిదో నెల్లో నా సెల్లి పోయింది. కబురొచ్చేసరికి దహనం కూడా అయిపోనాది."

శర్వాణి గ్లాసు కింద పెట్టింది. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్దారనే కదమ్మా నాలుగు తడవలొచ్చాను." గొంతులో కోపం లేదు. "అంతా తెలుసన్నావు. పెద్ద సదువులోళ్లు, తెలిసే ఉంటాదనుకున్నాను."

శర్వాణి చెప్పిందంతా కృపానందం విన్నాడు. "చెల్లెలు గొడవలో భాగం కాదు కదా," అన్నాడు. "జరిగింది దొరుకుతుంది శర్వాణీ, మనిషికి ఏం కావాలన్నది ఆ కాపీలోకి రాదు. వచ్చే మోడల్‌లో బంధువుల్ని కూడా చేరుస్తాం." మరుసటి ఏడు అరవైమంది విద్యార్థులు ఆ పదకొండు రోజులూ బతికి, కళ్లు తుడుచుకుని, మార్కులు తెచ్చుకున్నారు.

శర్వాణి వకీలై కోర్టు ఎదుట చిన్న గది తీసుకుంది. అందులో టోపీ ఉంచలేదు. అప్పటికి ఊళ్లో వకీళ్లందరి దగ్గరా టోపీలే.

ఒక సోమవారం పొద్దున్నే ఒక నడివయసు మనిషి వచ్చి కూర్చున్నాడు. గోడలన్నీ కలయజూసి, "టోపీ లేదా మేడమ్?" అన్నాడు.

"లేదండి. మీరే చెప్పండి, వింటాను. ఎంతసేపైనా పరవాలేదు."

ఆయన నోరు తెరిచాడు. ఎక్కడ మొదలెట్టాలో తోచలేదు. రెండుసార్లు "అదేంటంటే..." అన్నాడు. నుదుట చెమట పట్టింది. ఆమె ఆశగా ముందుకి వంగింది.

"ఇదంతా నోటితో చెప్పడం ఎందుకులెండి," అని ఇబ్బందిగా నవ్వి లేచాడు. "పక్క వకీలు దగ్గరైతే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది."

ఆయన వెళ్తూ తలుపు మెల్లగా, మర్యాదగా దగ్గరికి వేశాడు.