మెట్ల కింది అలమరా

చలికాలం మొదలైందంటే వాచీలాయన ఇంట్లో మెట్ల కింది అలమరా ఖాళీ చెయ్యాల్సిందే. చెప్పులు, గొడుగులు, పాత పేపర్లు అన్నీ వరండాలోకి వచ్చేవి. ఆయన భార్య అందులో పూల దుంపలు పెట్టుకునేది. మట్టి అక్కర్లేని దుంపలు, చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలే. మెడ సన్నగా ఉన్న గాజు సీసాల్లో నీళ్ళు పోసి, ఒక్కో సీసా మూతి మీద ఒక్కో దుంపని కూర్చోబెట్టి తలుపు మూసేసేది. రెండు నెలలు చీకట్లో ఉంటే వేళ్ళు దిగుతాయి. ఆ తర్వాత కిటికీ దగ్గర పెడితే పూలు పూసి ఇల్లంతా ఘుమఘుమలాడేది.

"నీళ్ళు దుంపకి తగలకూడదు. మధ్యలో వేలెడు ఖాళీ ఉండాలి. దాహం వేస్తేనే వేరు కిందికి దిగుతుంది," అని ఆవిడ ఏటా చెప్పేది. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీలోంచి తలెత్తకుండా, ఒక్క ముక్క చెవిన పెట్టకుండా ఊ కొట్టేవాడు.

ఈ ఏడు చెప్పడానికి ఆవిడ లేదు. ఆపరేషన్ అయ్యాక చుక్క నీళ్ళు కూడా పట్టొద్దన్నాడు డాక్టర్. రెండు రోజులు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని నీళ్ళడిగింది. ఆయన తడి దూదితో పెదాలు తుడిచి, "కాస్త ఓర్చుకోవే," అన్నాడు. మూడోనాడు పొద్దున ఆవిడ అడగడం మానేసింది. డాక్టర్ మాట సరైనదే కావచ్చు. కానీ ఆ రోజు నుంచి ఆయన నీళ్ళ గ్లాసు ఎత్తి, సగం తాగకుండానే దించేసేవాడు.

ఆవిడ దాచిన దుంపలు ఏడు మిగిలాయి. పారెయ్యడానికి మనసొప్పక ఆయనే సీసాల మీద కూర్చోబెట్టాడు. ఆ వేలెడు ఖాళీ చూడగానే ప్రాణం ఉసూరుమంది. కింద నీళ్ళు కనిపిస్తున్నాయి, కానీ అందవు. ఎంత అన్యాయం! చెంబు తెచ్చి మూతి దాకా నింపేశాడు.

మర్నాడు ఏడు సీసాల్లోనూ నీళ్ళు వేలెడు తగ్గాయి. మళ్ళీ నింపాడు. సాయంత్రానికి సగమయ్యాయి. మూడో రోజుకి సీసాలు పొడిగా ఉన్నాయి. దుంపలకి ఒక్క వేరు రాలేదు, అలాగని కుళ్ళనూ లేదు. అలమరాలో తడిసిన సున్నం వాసన. దాని వెనక, సన్నగా, ఆస్పత్రి వార్డు వాసన.

ఆయనకి భయం వెయ్యలేదు. అసలు భయపడాల్సిన సంగతి అదే.

తలుపుకి నోరు ఆనించి, "వచ్చావా?" అన్నాడు.

లోపల గుటక పడింది.

ఆ తర్వాత ఆయన వాచీల కొట్టు తెరవలేదు. చెంబు పోయి బిందె వచ్చింది, బిందె పోయి బకెట్లు వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం మరదలు చూసిపోదామని వచ్చింది. హాలంతా బకెట్లు. ఆయన అలమరా ముందు చతికిలబడి ఉన్నాడు.

"ఇదేం పని బావా? ఇలా ముంచేస్తే దుంపలు బతుకుతాయా? అక్క చూసుంటే చీపురు తిరగేసేది."

"తాగేది మీ అక్కే."

నవ్వబోయి ఆగిపోయింది. బావ పెదాలు బీటలు వారి ఉన్నాయి.

"మీరు నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది?"

"ముందు తనకి చాలనీ."

మరదలు వెళ్ళి అలమరా తలుపు తీసేసింది. హాల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ పరుచుకుని ఉంది. ఆ ఎండ అలమరా గడప దాకా వచ్చి ఆగిపోయింది. లోపల చీకటి. ఆ చీకట్లో గుటక... కుడి మూల ఇంకో గుటక... పైన, మెట్ల అడుగున, మరొకటి. ఒక నోటి చప్పుడు కాదది.

మరదలు బావ చెయ్యి పట్టుకుని లాగింది.

"బావా... అక్క కాదు. లేవండి. మా ఇంటికి వెళ్ళిపోదాం."

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. ఆయనకి కావాల్సింది ఒక్క మాట. ఆ మాట వింటే చాలు, ఇక బతికినా చచ్చినా ఒకటే. ఆఖరి బకెట్ చీకట్లోకి ఒంపాడు. నేల తడవలేదు.

"ఒక్కసారి చెప్పవే... నీ దాహం తీరిందా?"

గుటకలు ఆగాయి.

లోపల్నుంచి ఎవరో ముసలాయన, ఎంతో మర్యాదగా అన్నాడు:

"ఆవిడ వంతు ఇంకా రాలేదండీ."

మరదలు గోడకి అంటుకుపోయింది. ఆయన చుట్టూ ఉన్న ఖాళీ బకెట్ల వంక చూశాడు. ఇన్ని బిందెలు. ఇన్ని బకెట్లు. ఒక్క చుక్క కూడా ఆవిడకి అందలేదు.

"తనకి ముందు... ఇంకా ఎంతమంది?"

లోపల లెక్క మొదలైంది. ఒకటి... రెండు... మూడు... ఒక్కో అంకె ఒక్కో గొంతు. ఒకటి మగ గొంతు, ఒకటి ఆడ గొంతు, ఒకటి ఇంకా మాటలు సరిగ్గా రాని పసి గొంతు. ఆయన ఖాళీ బకెట్ ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు.

వీధి దీపాలు వెలిగే వేళకి కూడా లెక్క ఆగలేదు.