పచ్చబడ్డ నీళ్ళు

కిరణ్ కుమార్‌ను శవపెట్టెలో ఇంటికి తెచ్చిన రోజున ముందుగదిలో చోటు చాలక, మూలనున్న చేపతొట్టిని ఎవరో తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. పెట్టె తలవైపు ఆ మూలకే వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సంఘంవాళ్ళు పాటలు పాడారు. సాయంత్రానికి సమాధుల దొడ్డి నుంచి అందరూ తిరిగొచ్చి, ఎవరి కుర్చీలు వాళ్ళు పట్టుకెళ్ళారు. తొట్టిని మాత్రం ఎవరూ తిరిగి దాని చోట్లో పెట్టలేదు.

అందులో ఉన్నది ఒక్కటే చేప, నీలం రంగు ఫైటర్. పక్కన ఇంకొకటి ఉంటే కొట్టుకు చస్తుందని దాన్ని ఒంటరిగానే పెంచాలి. రెండేళ్ళ క్రితం కిరణ్ కుమార్ రాజమండ్రిలో కొని, నీళ్ళ సంచితో సహా ఒళ్ళో పెట్టుకుని రైల్లో సామర్లకోట తెచ్చాడు. పిల్లలు లేని ఇల్లది. పొద్దున్నే కాఫీ తాగుతూ దానితో మాట్లాడేవాడు. ఒకరోజు పొద్దున్న ఆ కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళినా దక్కలేదు.

అతని భార్య ఆశాజ్యోతి హైస్కూల్లో లెక్కల టీచరు. పదో రోజున మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. కిటికీ తూర్పు వైపుది. పది గంటల దాకా ఎండ తొట్టి మీదే పడుతుంది. నీళ్ళు మొదట పెసరపప్పు కడిగిన నీళ్ళలా అయ్యాయి. తర్వాత చిక్కబడి, అద్దానికి దగ్గరగా వస్తే తప్ప చేప కనబడలేదు. ఆమె రెండుసార్లు నీళ్ళన్నీ పారబోసి, తొట్టి తోమి, బకెట్లో ఒకరోజు నిలవ ఉంచిన నీళ్ళు పోసింది. రెండుసార్లూ మూడోరోజుకల్లా మళ్ళీ పచ్చబడ్డాయి.

"ఎండకి పాచి పుడుతుంది మేడమ్. తొట్టి లోపలికి జరపండి. నీళ్ళు కూడా అన్నీ ఒకేసారి మార్చకండి, చేప తట్టుకోలేదు," అన్నారు సైన్సు చెప్పే విజయ్ పాల్ మాస్టారు.

సరేనని ఇంటికొచ్చి తొట్టిని రెండు చేతులా పట్టుకుంది. మూల వైపు చూసింది. కాళ్ళు అటు పడలేదు. పెట్టె ఉన్న ఆ చోటు తొక్కకుండా, గోడవారగా వంటింట్లోకి వెళ్ళడం ఆమెకు సమాధి చేసిన రోజు నుంచే అలవాటైంది. తొట్టి కిటికీలోనే ఉండిపోయింది.

మామగారు చిట్టియ్య, కొడుకు పోయాడని తెలిసి వచ్చి అక్కడే ఆగిపోయాడు. ఆకివీడు వైపు చేపల చెరువుల మీద ముప్పై ఏళ్ళు కాపలా కాసి, మేత వేసిన మనిషి. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా "అన్నం పెట్టనా అండి", "పెట్టమ్మా" తప్ప మాటల్లేవు.

ఇరవయ్యో రోజు పొద్దున్న ఆశాజ్యోతి కాఫీ తెచ్చేసరికి, ఆయన తొట్టి మీద వేళ్ళు నలుపుతూ కనిపించాడు.

"ఏంటి మావయ్యగారూ అది?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏం లేదమ్మా."

"చేతిలో ఏంటండి?"

"పేడ పొడమ్మా. ఎదురింటోళ్ళ గేదెది. ఎండబెట్టిందే."

ఆమె గ్లాసు గట్టు మీద పెట్టిన విసురుకు కాఫీ ఒలికింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు నీళ్ళు మార్చినప్పుడల్లా. చిటికెడే."

"నేనేమో తోమి తోమి చస్తున్నాను! ఎండ ఒక్కటే అనుకుంటున్నాను."

"తెల్లనీళ్ళు పోస్తే ఎలాగమ్మా? నీళ్ళకి రంగు రాపోతే చేప ఎదుగుద్దా? రంగు పట్టాకే చెరువులో చేపపిల్లని వదిలేవోళ్ళం."

"ఇది చెరువా అండి? రెండు బిందెల నీళ్ళు! రెక్కలు ఎలా ముడుచుకుందో చూడండి. ఆయన పెంచిన చేప అది. ఈ ఇంట్లో ఆయనది ప్రాణంతో మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా చంపేస్తారా?"

అనేశాక గాని ఎంత మాట అందో ఆమెకు తెలియలేదు. చిట్టియ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ తుడిచాడు.

"మరి ఏం తిని బతుకుద్దమ్మా?"

"మేత గింజలు ఉన్నాయి కదండి. మీరు వెయ్యట్లేదా? రోజూ ఇక్కడే కూర్చుంటారు కదా!"

"ఏ గింజలు?"

"సీసాలోవి..."

"ఏ సీసా అమ్మా? నాకెవరు చూపించారు?"

ఆశాజ్యోతి కిటికీ చువ్వ పట్టుకుంది. ఇరవై రోజులు. తను ఒక్క గింజ వెయ్యలేదు. ఈయన వేస్తున్నాడనే అనుకుంది. సీసా ఎక్కడుందో ఈయనకు చెప్పలేదన్న సంగతే తట్టలేదు.

"నాలుగోనాడు చూశానమ్మా," అన్నాడు చిట్టియ్య నెమ్మదిగా. "అద్దానికొచ్చి మూతి కొడతంది, ఆకలికి. ఇంట్లో అందరూ ఏడుస్తన్నారు. అలాంటి ఇంట్లో చేపకి మేతెక్కడని ఎవర్నడగను? నువ్వు చూస్తే మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. నాకు తెలిసింది ఒక్కటే పని. నీళ్ళకి రంగొస్తే సన్న పురుగు పడతాది. దాంతో ఎలాగోలా ఈడుస్తాదిలే అనుకున్నాను."

ఆమె వంగి అద్దానికి ముఖం దగ్గరగా పెట్టింది. పచ్చటి నీళ్ళలో నలుసుల్లాంటివి కదులుతున్నాయి. చేప ఓపిక లేనట్టే ఉండి, ఉన్నట్టుండి ఒకదాన్ని అందుకుంది. దాని తిండినే తను రెండుసార్లు కాలవలో పారబోసింది. రెండుసార్లూ ఈయన మళ్ళీ పుట్టించాడు.

"నాకు తోచలేదండి," అంది. "నాకసలు తోచనే లేదు మావయ్యగారూ."

చీమలు పడతాయని ఆ సీసాను కిరణ్ కుమార్ బీరువాలో పై అరలో పెట్టేవాడు. పెట్టెలో తొడగడానికి తెల్లచొక్కా తీసిన తర్వాత ఆమె ఆ బీరువా తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. చొక్కాల వాసన ముఖానికి కొట్టింది. కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, తర్వాత సీసా తెచ్చి మామగారి అరచేతిలో గింజలు పోసింది.

"మూడే వెయ్యాలండి. ఎక్కువైతే కడుపుబ్బుతుందనేవారు."

ఆయన ఒక్కొక్కటే జారవిడిచాడు. చేప పైకొచ్చింది.

"మింగిందమ్మా," అన్నాడు. కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు.

"ముందు దీన్ని ఎండలోంచి తీద్దామండి," అంది ఆశాజ్యోతి.

చెరోవైపు పట్టుకున్నారు. మూల దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగిపోయింది. చిట్టియ్య ఆమె చూపు ఎక్కడుందో చూశాడు. ఏమీ అడగకుండా తనే ముందుగా వెనక్కి అడుగేసి ఆ చోట్లో నిలబడ్డాడు.

"రామ్మా. బరువు నావైపుంది, నువ్వు రా."

ఆమె వచ్చింది. తొట్టిని మూలనున్న పాత స్టూలు మీద దించారు.

గ్లాసుతో నాలుగో వంతు నీళ్ళు తోడి, నిలవ నీళ్ళు అంచు వెంబడి సన్నగా పోశారు.

"ఒక్కసారే మార్చకూడదమ్మా, అదిరిపోద్ది. చెరువుకైనా అంతే."

"మా విజయ్ పాల్ మాస్టారూ అదే చెప్పారండి. నేనే వినలేదు."

"ఆయన ఎన్నెకరాలు చేశాడేంటి?"

"ఆయనకి చెరువుల్లేవండి. సైన్సు మాస్టారు."

"చెరువు లేకుండా తెలిసిందంటే గట్టోడే," అన్నాడు చిట్టియ్య. ఆశాజ్యోతికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఆయన గ్లాసు కింద పెట్టి, అది తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు.

నీళ్ళు ఇంకా ముప్పాతిక వంతు పచ్చగానే ఉన్నాయి. రోజు విడిచి రోజు కొంచెం కొంచెంగా మార్చాలి. కిరణ్ కుమార్ పేరు మాత్రం ఆ ఇంట్లో ఇద్దరూ ఇంకా పైకి అనలేదు.