ఉప్పు గోపురం తలుపు

ఆ ఉదయం ఫుసాకో ఒక్కరికి సరిపడా అన్నమే వండింది. చేయి అలవాటుగా రెండో గ్లాసు బియ్యం కొలవబోతే వెనక్కి లాక్కుంది. కుక్కర్ మూత నొక్కి, ఎవరో చూస్తున్నట్టు వంటింటి గుమ్మం వైపు తిరిగింది. ఎవరూ లేరు. మేడ మీద కొడుకు గదిలోంచి చప్పుడు కూడా లేదు. ఆ గదిలోంచి మాట వినిపించి ఏళ్ళయింది.

కోహెయ్‌కి ముప్ఫై దాటాయి. టోక్యోలో ఏదో కంపెనీలో చేరి, రెండేళ్ళు తిరక్కుండా ఒకనాడు పెట్టె పట్టుకుని హన్నోలోని ఈ ఇంటికి వచ్చేశాడు. "కాస్త పడుకుంటానమ్మా" అని మేడెక్కినవాడు మళ్ళీ మనుషుల మధ్యకి దిగలేదు. ఇల్లంతా నిద్రపోయాక స్నానం చేసుకుంటాడు. ఫుసాకో మూడు పూటలా ట్రేలో భోజనం తీసుకెళ్ళి తలుపు బయట పెడుతుంది, ఖాళీ గిన్నెలు తెచ్చుకుంటుంది. తండ్రికి నగోయాలో ఉద్యోగం. నెలకోసారి వస్తాడు, మేడ మెట్ల వైపు చూసి, "ఎలా ఉన్నాడు?" అంటాడు. "తింటున్నాడండీ" అంటుంది ఫుసాకో. కొడుకు గురించి ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మిగిలిన సంభాషణ అంతే.

మొన్న సాయంత్రం నుంచి ఆ ట్రే మేడెక్కలేదు.

గేటు దగ్గర పక్కింటి ఒనుకి గారి గొంతు వినిపించింది.

"ఫుసాకో గారూ! మీ నూడుల్స్, బ్రెడ్డూ, గుడ్లూ అన్నీ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఫ్రిజ్ బాగైందా?"

"ఇంకా లేదండీ. మెకానిక్ రావాలి."

వెనకాల ఫ్రిజ్ గుర్రుమని మోగి తన ఆరోగ్యం తానే చాటుకుంది. ఫుసాకో తలుపు కాస్త దగ్గరికి వేసింది.

"అన్నట్టు మీ ఇకుమి రాసిన యానిమే చూశామండీ! ఆ అన్న గోపురం తలుపు తీసుకుని బయటికొస్తుంటే మా ఆయన ముక్కు చీదాడు. మా ఆయనండీ! వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. మీ కూతురిది చేయి కాదండీ, మంత్రం." ఒనుకి గారు గేటు మీద మోచెయ్యి ఆనించింది. "అబ్బాయి ఇంకా ఒసాకాలోనేనా? పెళ్ళి మాటేమైనా..."

"పనెక్కువండీ వాడికి" అంది ఫుసాకో.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందుకే వీధి మొత్తానికి కోహెయ్ ఒసాకాలో ఉన్నాడు, తల్లి నెత్తి మీద గదిలో లేడు.

టీవీలో వచ్చే ఆ బొమ్మల కథ పేరు 'ఉప్పు గోపురం'. తోమా, నాగి అని అన్నాచెల్లెళ్ళు. సముద్రం అవతల ఉప్పుతో కట్టిన గోపురంలో అన్న తలుపేసుకుని ఉండిపోతే, చెల్లెలు ఊళ్ళూ ఓడలూ దాటి అతని కోసం వెళుతుంది. గోపురం కింద ఒక ముసలి దాది రోజూ తాడు కట్టిన బుట్టలో అన్నం పైకి పంపుతుంటుంది. పన్నెండో భాగంలో నాగి ఆ దాది చేతులు పట్టుకుని, "బుట్ట పైకి వెళ్ళినంత కాలం తలుపు కిందికి తెరుచుకోదు అవ్వా, ఆపెయ్" అంటుంది. దాది ఏడుస్తూ తాడు కోసేస్తుంది. మూడో రోజు సూర్యోదయానికి తలుపు తెరుచుకుంటుంది, తోమా నవ్వుతూ బయటికి వస్తాడు.

రికార్డు చేసుకున్న ఆ భాగాన్ని ఫుసాకో మొన్న పొద్దున్నే చూసింది. చూసి వెంటనే మళ్ళీ చూసింది. అర్ధరాత్రి దిగినా వాడి చేతికేమీ దొరక్కూడదని, సాయంత్రానికి ఇంట్లో తినడానికి పనికొచ్చేదంతా రెండు సంచుల్లో సర్ది ఒనుకి గారింట్లో దింపేసి వచ్చింది. తన మట్టుకు మూడు రోజులకి సరిపడా బియ్యం గుడ్డలో మూటకట్టి దాచుకుంది.

ఇవాళ ఆ మూడో రోజు. సూర్యుడొచ్చి చాలాసేపైంది. తలుపు తెరుచుకోలేదు. వండిన అన్నం ముట్టుకోకుండా మూత పెట్టేసింది. ఫుసాకో ఫోన్ తీసింది.

"అమ్మా, చివరి భాగం పనిలో ఉన్నాను. బల్ల కిందే పడుకుంటున్నాం. తర్వాత చేస్తా" అంది ఇకుమి.

"ఒక్క మాటేనే. నేను కూడా బుట్ట ఆపేశాను."

"ఏం బుట్ట?"

"అన్నయ్య బుట్ట. ఇవాళ మూడో రోజు. ఇంకా రాలేదు. నాగి ఇంకేమైనా చేసిందా, నాకు అర్థం కాకుండా పోయిందా?"

ఇకుమి ఫోన్ పెట్టేసింది.

ఇకుమి వచ్చేసరికి జుట్టు చిందరవందరగా ఉంది, చొక్కాకి కాఫీ మరక. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"బుద్ధుందా అమ్మా నీకు? అది బొమ్మల కథ! బొమ్మల కథ చూసి కన్నకొడుకుని పస్తు పెడతావా?"

"అరవకే, పైకి వినిపిస్తుంది."

"వినిపించనీ! ఇన్నేళ్ళూ గుసగుసలే కదా ఈ ఇంట్లో. డాక్టరుని పిలుద్దామంటే వద్దు, ఇలాంటివాళ్ళ కోసమున్న సలహా కేంద్రానికి వెళదామంటే పరువు. నేనేం చెప్పినా చెవికెక్కించుకోనిదానివి, నా కథలో ముసలమ్మ తాడు కోస్తే నువ్వూ కోసేశావా?"

"నువ్వు చెప్పావనే కోశాను" అంది ఫుసాకో. "ఆ దాది నేనే కదే? నా ఏప్రన్ లాంటిదే వేశావు దానికి. నా ముఖాన చెప్పలేక టీవీలో చెప్పిందనుకున్నాను నా కూతురు."

ఇకుమి వంటింటి కుర్చీలో కూలబడింది.

"పన్నెండో భాగంలో తలుపు తెరుచుకోవాలన్నారమ్మా ఛానెల్ వాళ్ళు. లేకపోతే జనం చూడటం మానేస్తారని. ఎలా తెరవాలో నాకు తెలీలేదు. ఇరవై రెండు నిమిషాలు, మధ్యలో ప్రకటనలు. ఆ బుట్ట సంగతి ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను." మొహం చేతుల్లో దాచుకుంది. "రాసేటప్పుడు నీ మీద కోపంగా ఉండింది. అమ్మ ట్రే మోస్తుంది కాబట్టే వాడు రావట్లేదనుకున్నాను. నువ్వు తప్పుగా చూడలేదు. నేను అన్నది అదే."

తిట్టడానికి వచ్చిన కూతురు ఏడుస్తోంది. ఓదార్చాల్సిన తల్లికి చేతులాడలేదు. ఎవరిని తప్పు పట్టాలో తెలిస్తే సగం బరువు దిగేది. వాళ్ళిద్దరికీ ఆ అదృష్టం కూడా లేకపోయింది.

"పైకి వెళదాం" అంది ఇకుమి చివరికి.

తలుపు ముందు నిలబడి మెల్లగా తట్టింది. జవాబు లేదు. గట్టిగా తట్టింది. లేదు. ఫుసాకో గోడ పట్టుకుంది. వాష్‌బేసిన్ పైనే ఉంది, నీళ్ళు తాగే ఉంటాడని ఈ రెండ్రోజులూ తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ మాట కూడా ఆసరాగా నిలబడలేదు.

"అన్నయ్యా, నేను" అంది ఇకుమి. "బయటికి రమ్మనను. ఒట్టు. నా కథ చూశావా? చిన్నప్పుడు టీవీలో బొమ్మల కథ ప్రతి భాగం అయ్యాక కూర్చోబెట్టి బాగున్నవేంటి, బాగోనివేంటి అని నా చెవి మెలేసి చెప్పించేవాడివి కదా. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏదో ఒకటి చెప్పు. తిట్టైనా తిట్టు."

లోపల మంచం కిర్రుమంది.

"పన్నెండోది బాలేదు" అంది ఒక గొంతు. వాడక తుప్పు పట్టిన గొంతు. ఫుసాకో నోట్లో ఏప్రన్ అంచు కుక్కుకుంది.

"ఇంకా?" ఇకుమి నేల మీద కూర్చుండిపోయింది.

"సముద్రం బాగుంది. నాగి పరుగు బాగుంది. అలిసిపోతే నిజంగా అలిసిపోయినట్టు పరిగెడుతుంది. ఇంకెవరి బొమ్మల్లోనూ ఎవరూ అలిసిపోరు." మధ్యమధ్య ఆగుతున్నాడు. "మొదట్లో లోకం మునిగిపోతుంటే రొట్టెలో పెద్ద ముక్క కోసం అన్నాచెల్లెళ్ళిద్దరూ కొట్టుకుంటారు చూడు. అది చాలా బాగుంది."

"నిజంగా జరిగిందే కదా అది" అని ఇకుమి ఏడుపులోనే నవ్వింది. "పెద్ద ముక్క ఎప్పుడూ నీకే."

"ఎక్కడ! దాన్ని నువ్వు ముందే నాకేసేదానివి. ఎవరు తింటారు తర్వాత?"

"సరే, బాగోనివి?"

"ఉప్పు మూడో భాగంలో నీళ్ళకి కరిగింది. తొమ్మిదిలో వానొస్తే గోపురం చెక్కుచెదరలేదు. మీ మంత్రాలకి ఓ పద్ధతంటూ ఏడవదా?"

"ఆ రెండు భాగాలూ మా జట్టులో వేరే ఇద్దరు రాశారు. నేను సరిచూడలేదు."

"ఆ సేనాపతి వాగుడుకాయ. వాడి మాటలు సగం తీసెయ్."

"ఇంకా?"

లోపల మంచం మళ్ళీ కిర్రుమంది.

"తోమా" అన్నాడు కోహెయ్. "పన్నెండు భాగాలూ అందరూ వాడి గురించే మాట్లాడతారు. వాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మీ కథలో ఆ చిలక్కి ఉన్నన్ని మాటలు కూడా లేవు వాడికి. చివర్లో ఆకలేసి బయటికి వస్తాడు. నవ్వుతూ. ఆకలేసినవాడు నవ్వుతాడా ఇకుమీ?"

ఇకుమి తల అడ్డంగా ఊపింది, అది అతనికి కనిపించదని కూడా మరిచి.

"ట్రే రాలేదు. అప్పుడే అనుకున్నాను, అమ్మ కూడా చూసిందని. నిన్న పట్టపగలు, అమ్మ కింద తిరుగుతుండగా, గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. తోమా తెరిచాడుగా, నాకేమైందీ అనుకున్నాను. చెయ్యి రాలేదు. నాకు వద్దని కాదు. చెయ్యి రాలేదంతే."

మెట్ల దగ్గర నిలబడి ఫుసాకో అంతా వింది. వాడు రావడం లేదని ఇన్నేళ్ళూ ఏడ్చింది, కోప్పడింది, గుళ్ళో గంట కొట్టి మొక్కుకుంది. వాడు రాలేకపోతున్నాడన్న మాట వాడి నోటి నుంచి వినడం ఇదే మొదలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. తను అడగకుండానే పెట్టింది. వాడేమంటాడో అడగాల్సిన అవసరమే లేనట్టు పెట్టింది. పెట్టడం మానేసినప్పుడు కూడా అడగలేదు.

ఆమె కూతుర్ని పక్కకి జరిపి తలుపుకి దగ్గరగా కూర్చుంది.

"కోహెయ్. ఏం తింటావురా?"

ఫుసాకో తలుపుకి చెవి ఆనించింది.

"గంజి. ఊరవేసిన ఉమె కాయ ఉంటే ఒకటి" అన్నాడు కోహెయ్. "గుడ్డు కొట్టి పోయకమ్మా అందులో. నాకు పడదు."

"ఎప్పట్నుంచీ?"

"చిన్నప్పట్నుంచీ."

"అయ్యో, వారానికి నాలుగు రోజులు అదే పెడుతున్నాను కదరా! ఒక్క చీటీ ముక్కయినా పెట్టలేకపోయావా ట్రేలో?"

"ఊరికే తింటున్నవాణ్ణి, వంకలు పెట్టడానికి నోరెక్కడిది?" అన్నాడు కోహెయ్. "తిన్నాను. ప్రతిసారీ తిన్నాను."

ఫుసాకో లేచింది. వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే వెలుతురు తప్ప ఏమీ లేదు. ఇంటి చెప్పులతోనే వీధిలోకి పరిగెత్తింది. ఒనుకి గారు తలుపు తీసి నోరు తెరవకముందే చెప్పేసింది.

"ఫ్రిజ్ బాగానే ఉందండీ. కోహెయ్ ఒసాకాలో లేడు, ఇంట్లోనే ఉన్నాడు. వాడికి గంజి కావాలి. మీ దగ్గర ఉమె కాయలుంటే పెడతారా?"

ఒనుకి గారు ఆమె మొహంలోకి చూసింది. వీధికంతటికీ రేడియో లాంటి ఆ మనిషి ఒక్క ప్రశ్న వేయలేదు. లోపలికెళ్ళి రెండు సంచులూ, వాటి పైన కాయల సీసా పెట్టి తెచ్చి ఇచ్చింది. "చాలకపోతే మళ్ళీ రండి" అంది.

గంజి ఉడికేదాకా తల్లీకూతుళ్ళు పొయ్యి దగ్గరే నిలబడ్డారు. ట్రే తలుపు బయట పెట్టి కిందికి దిగారు. కాసేపటికి మేడ మీద తలుపు కొద్దిగా తెరుచుకున్న చప్పుడు, ట్రే నేల మీద జరిగిన చప్పుడు, మళ్ళీ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాయి.

"నా కథలో ఆ తలుపు మళ్ళీ మూసుకోదు" అంది ఇకుమి. "చివరి భాగం బొమ్మలన్నీ వేసేశారు. ఇప్పుడు మార్చమంటే వినేవాళ్ళు లేరు. వచ్చే వారం వాడు కూడా చూస్తాడమ్మా. అందరూ కౌగిలించుకుని నవ్వుతుంటే ఒక్కడూ కూర్చుని చూస్తాడు."

"చూసి బాగోనివి చెప్తాడులే" అంది ఫుసాకో. "వచ్చి విను. వచ్చేటప్పుడు ఆ సలహా కేంద్రం నంబరు కూడా తీసుకురా. ఫోన్ నేనే చేస్తాను. వాణ్ణి అడిగాకే."

ఇకుమి చొక్కా మరక కూడా కడుక్కోకుండా పనికి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఫుసాకో గేటు దగ్గర నిలబడింది. లోపలికొచ్చి మెట్ల మొదట్లో ఆగింది.

"కోహెయ్! రేపు పొద్దున ఏం చెయ్యమంటావురా?"

ఎదురుచూసింది.

"తెలీదమ్మా" అన్నాడు పై నుంచి.

"సరే. తెలిసినప్పుడు చెప్పు."

తనకీ తెలీదు. రేపేం వండాలో తెలీదు, వాడెప్పటికి దిగుతాడో తెలీదు, దిగేదాకా తనుంటుందో లేదో తెలీదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో పైన ఒకరూ కింద ఒకరూ ఆ తెలియనితనాన్నే మోస్తున్నారని మాత్రం ఇవాళ తెలిసింది. ఫుసాకో మొదటి మెట్టు మీద కూర్చుని, పైకి వినిపిస్తుందన్న భయం లేకుండా ఏడ్చింది.