కుడివైపు గొంతు

ఆదివారమంటే ఊరందరికీ సెలవు, ఆ ఇంటి పెద్దకూతురికి మాత్రం చాకిరీ. వారమంతా మందుల షాపు కౌంటర్లో నిలబడి కాళ్ళు లాగేస్తున్నా సరే, ఆ పొద్దున్నే లేచి కిటికీలకు దుప్పట్లు కట్టాలి, ఫ్యాన్ ఆపాలి, చప్పుడు చేస్తుందని ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకాలి. ఒకసారి ఆ ప్లగ్గు తిరిగి పెట్టడం మరిచిపోతే పాలన్నీ విరిగిపోయాయి. ఆ సంగతి ఆమె భర్త ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

ఇంత హడావుడీ అక్కాచెల్లెళ్ళ పాట కోసం. ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరూ ముందుగదిలో కూర్చుని ఇంటర్నెట్‌లో లైవ్ పాడతారు. అక్క గొంతు ఎడమ చెవిలో, చెల్లెలి గొంతు కుడి చెవిలో వినిపించేలా, మైకుల శబ్దాన్ని కలిపే మిక్సర్ పెట్టె మీద సర్దింది అక్కే. చిన్నప్పుడు పాట నేర్పుతూ అమ్మ పెద్దదాన్ని ఎడమ పక్కన, చిన్నదాన్ని కుడి పక్కన కూర్చోబెట్టుకునేది. ఆ వరసే ఇక్కడా పెట్టింది. హెడ్‌ఫోన్లతో వింటే మీ ఇద్దరి మధ్యా కూర్చున్నట్టుందని వినేవాళ్ళు మురిసిపోయేవారు.

చిక్కల్లా అమ్మ దగ్గర వచ్చింది. ఆవిడకు దగ్గు. అది లైవ్‌లో వినబడకూడదని లోపలి గదిలో తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది. పాట అయ్యాక బయటికి వచ్చి ఎవరు ఎక్కడ తప్పారో చెబుతుంది. అలాంటిది కొన్ని వారాలుగా, చిన్నది వెళ్ళిపోయాక పెద్దదానితో ఒకటే మాట. "చిన్నదాని గొంతు రావట్లేదే. అంతా నువ్వే పాడుతున్నావు."

పెద్దది చెయ్యని ప్రయత్నం లేదు. వైర్లు మార్చింది. చెల్లెలికి వేరే మైకు పెట్టింది. ఫోన్లో సెట్టింగులన్నీ తిరగేసింది. రికార్డింగు తను వింటే రెండు గొంతులూ శుభ్రంగా ఉన్నాయి, ఏ వైపుది ఆ వైపే. హెడ్‌ఫోన్లలో లోపమేమోనని కొత్తవి తెచ్చి, ఎడమదేదో తెలియడానికి దానికి ఎర్రదారం కట్టి మరీ ఇచ్చింది. అయినా అమ్మ మాట మారలేదు.

"ఆ పెట్టె తీసి అవతల పడెయ్యి," అన్నాడు భర్త, పళ్ళు తోముకుంటూ.

"ముందు ఆ నురగ ఉమ్మేసి మాట్లాడండి. మైకు ఆన్‌లో ఉంది," అంది ఆమె. నిజానికి మైకు ఆన్‌లో లేదు. ఆమెకు మాట్లాడే ఓపిక లేదు, అంతే.

దిగులు పెట్టె గురించి కాదు. అమ్మ అదే మాట ఫోన్లో చిన్నదానితో కూడా అంది. మిక్సర్ గుండీలేమో అక్క చేతిలో ఉంటాయి. ఇంకేముంది, చిన్నదానికి అర్థం కావలసింది అర్థమైపోయింది.

ఆ ఆదివారం కూడా చిన్నది వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే బావను ఆటపట్టిస్తూ వచ్చే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి తిన్నగా తన కుర్చీలో కూర్చుంది.

"ఈ వారంతో సరి అక్కా. వచ్చే వారం నుంచి నువ్వే పాడుకో."

"ఏమైందే?"

"ఏం కాలేదు. అమ్మకి ఎలాగూ నువ్వొక్కదానివే వినిపిస్తున్నావుగా."

"అంటే? నీ గొంతు నేను తగ్గిస్తున్నానంటావా?"

"నేనేమీ అనట్లేదు. గుండీల దగ్గర కూర్చునేదెవరు?"

పెద్దదానికి ఒళ్ళు మండింది. "కూర్చునేది నేనే. దుప్పట్లు కట్టేదీ నేనే, వైర్లు చుట్టేదీ నేనే. నువ్వొచ్చి పాడి వెళ్ళిపోతావు. నా నడుం ఎలా ఉందని ఒక్కనాడైనా అడిగావా?"

"అమ్మ నా తప్పు చెప్పి ఎన్నాళ్ళయిందో నువ్వడిగావా?" అంది చిన్నది. "బాగా పాడుతున్నానని కాదు. అసలు నేను లేనట్టే ఊరుకుంటోంది. నీకేం, వారం వారం తిట్లు తింటున్నావు."

"తిట్లలో కూడా వాటా కావాలా నీకు?"

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు. పెద్దది మెల్లగా లేచింది. ఇక వాదించే శక్తి ఆమెకు లేదు. "పద, అమ్మనే అడుగుదాం. పోయిన వారం పాట నీ ఎదురుగానే పెడతాను."

అమ్మ లోపల మంచం మీద, కుడి పక్క గోడకు చేర్చుకుని కూర్చుంది. ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా ఆవిడ అలాగే కూర్చుంటోంది. పెద్దది ఫోన్లో రికార్డింగు పెట్టింది. చిన్నది కోపంగా హెడ్‌ఫోన్లు అందుకుని అమ్మ తలకు తగిలించింది.

అమ్మ కాసేపు విని తల ఊపింది. "ఇదిగో, ఇప్పుడు చిన్నది వినిపిస్తోంది. శుభ్రంగా ఉంది. నువ్వేదే పెద్దదానా? నీ గొంతు లేదు."

"చూశావా?" అంది చిన్నది. "నేనొచ్చి నిలబడగానే నా గొంతు వచ్చేసింది."

పెద్దదానికి ఏడుపొచ్చేసింది. ఇన్ని వారాలు పడ్డ పాటు ఇందుకా అనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ అమ్మ వైపు చూసింది. ఎర్రదారం అమ్మ కుడి చెవి దగ్గర వేలాడుతోంది. కోపంలో చిన్నది హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టింది.

ఆమె వాటిని తీసి, దారం ఎడమకు వచ్చేలా సరిగ్గా పెట్టింది. "ఇప్పుడు ఎవరమ్మా?"

"ఇప్పుడు నువ్వు. చిన్నది పోయింది."

పెద్దది అవి తను పెట్టుకుని చూసింది. రెండు గొంతులూ ఉన్నాయి. చెల్లెలి చేతికిచ్చింది. చిన్నదానికీ రెండూ వినిపించాయి. పెద్దది మంచమెక్కి అమ్మ వెనక్కి వెళ్ళి, ఆవిడ ఎడమ చెవిని అరచేత్తో మూసింది. కుడి చెవి దగ్గరగా వంగి, "అమ్మా," అని పిలిచింది.

అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మళ్ళీ పిలిచినా తల తిప్పలేదు.

పెద్దది చెయ్యి తీసి అమ్మ ముందుకు వచ్చింది. "ఎప్పటి నుంచమ్మా?"

దాచి లాభం లేదని ఆవిడకీ తెలిసిపోయింది. "ఆ మధ్య జలుబు చేసింది చూడు, అప్పటి నుంచి. తగ్గుతుందిలే అనుకున్నాను. మైకుదే తప్పనుకుంటే మనసుకి కాస్త హాయిగా ఉండేది."

"మందుల షాపులో పనిచేసే కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, ఒక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"చెబితే ఏమవుతుంది? పాట బాగుందా అమ్మా అని అడుగుతారు. బాగుందంటే సంతోషిస్తారు, బాగాలేదంటే పాపం చెవి అనుకుంటారు. పాట చెప్పేదానికి చెవే పోతే ఇంకేం మిగిలిందే?" ఆవిడ పమిటతో ముఖం తుడుచుకుంది. "మీరిద్దరూ దెబ్బలాడుకుంటారని మాత్రం అనుకోలేదు. అది నా తప్పే."

చిన్నది నేల మీద చతికిలబడి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. "అక్కని ఎన్నేసి మాటలన్నానో."

"అన్నావులే. మిగిలినవి తీరిగ్గా అందువుగాని," అంది పెద్దది. "రేపు నేను సెలవు పెడతాను. చెవి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం."

"వచ్చే వారం నుంచి పాడనన్నావుగా," అంది అమ్మ చిన్నదానితో. తలుపు అవతల జరిగిందంతా ఆవిడ ఆ ఒక్క చెవితోనే విన్నట్టుంది. చిన్నది లేచి ముందుగదిలోకి నడిచింది.

లైవ్ వేళయింది. పెద్దది మిక్సర్ ముందు కూర్చుంది. ఎడమ కొసన ఉన్న తన గుండీని, కుడి కొసన ఉన్న చెల్లెలి గుండీని నడిమికి తిప్పింది. ఇక ఏ చెవిలోనైనా ఇద్దరూ ఉంటారు. ఎంతో కష్టపడి విడదీసిన గొంతులు అవి. కలపడానికి క్షణం పట్టలేదు.

మొదటి పాట పూర్తయింది. ఫోన్లో వస్తున్న కామెంట్లు భర్త పక్కనుంచి చూపించాడు. ఈ రోజు ఎడమా కుడీ తెలియట్లేదు, సౌండు పాడైందా అని ఎవరో అడిగారు. పెద్దది చదివి, గుండీలను అలాగే ఉంచింది.

అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంది. అమ్మ హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని గుమ్మంలో నిలబడింది. లైవ్ సంగతే ఆవిడకు గుర్తులేదు.

"చిన్నదానా, రెండో చరణంలో శ్రుతి జారావు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మళ్ళీ పాడు."

పెద్దదాని చెయ్యి మైకు కట్టెయ్యడానికి గుండీ మీదికి వెళ్ళింది. చెల్లెలి చెంపల మీద ధారగా కారుతున్న కన్నీళ్ళు చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సరేనమ్మా," అంది చిన్నది, ముక్కు ఎగబీల్చుకుంటూ.

అక్క చెల్లెలి వైపు కుర్చీ జరుపుకుంది. ఇద్దరూ రెండో చరణం మళ్ళీ మొదలుపెట్టారు.