దాదీ కూర్చోవలసిన చోటు

"మీరు రావద్దు అత్తమ్మా! అక్కడందరూ బడి భాషే మాట్లాడతారు. మీరు నోరు విప్పితే నలుగురిలో నాకు తల కొట్టేసినట్టవుతుంది!"

అన్నాక గానీ కోడలికి తెలియలేదు, తానెంత మాట అన్నదో. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ముసుగు సర్దుకుంటున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. "సరేలే తల్లీ... ఇంటికి కాపలా ఉంటాను," అని ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వు చూడలేక కోడలు కూతురి చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని రోజంతా బడి భాషలో గలగలా మాట్లాడే మనిషి మరి! ఆమె దృష్టిలో అత్తగారు మాట్లాడే ఇంటి భాష వీధి గుమ్మం దాటకూడనిది.

ఆ రోజు పిల్ల ఖురాన్ మొదటిసారి పూర్తిచేసే రోజు. పిల్ల ఖురాన్ నేర్చుకునే బడిలో ఒక పద్ధతుంది. ఇంట్లో చదివించినవారు చాప మీద బిడ్డ పక్కనే కూర్చోవాలి. బిడ్డ చివరి సూరా, అంటే అధ్యాయం, అరబీలో చదివి, అర్థం బడి భాషలోనూ ఇంటి భాషలోనూ చెప్పాలి. ఆ చోటులో తల్లి దర్జాగా కూర్చుంది!

పిల్ల మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. మోకాలు తల్లి వైపు జరిపింది. తల్లికేమీ అర్థం కాలేదు. సాగదీసి పలకాల్సిన ప్రతి చోటా దాదీ, అంటే నాన్నమ్మ, ఆ మోకాలి మీద వేలితో తడుతుందని ఆమెకేం తెలుసు? సాయంత్రాలు వాళ్ళిద్దరూ చదువుకుంటుంటే, ఈమె ఫోను చూసుకుంటూ "కాస్త గొంతు తగ్గించండి" అనేది... చివరికి పిల్ల తన మోకాలు తనే తట్టుకుంటూ చదివేసింది. అర్థం ఇంటి భాషలో చెబుతుంటే టీచరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

"మా అమ్మ మాట్లాడుతున్నట్టే ఉందే!" అంది టీచరమ్మ, తనూ ఇంటి భాషలోనే. "ఎవరు నేర్పారు బంగారూ?"

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది.

"అమ్మే," అంది.

భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది ఆ తల్లికి! సిగ్గుతో ముఖం మండిపోయింది.

"కాదు!" అంది ఇంటి భాషలో, అందరికీ వినపడేలా. "కాస్త ఆగండి... నేర్పినావిడని తీసుకొస్తాను!"

పరుగున ఇంటికొచ్చి, అత్తగారి ముందు కూలబడి జరిగిందంతా చెప్పింది. ఆవిడ పొద్దుటి అవమానం మాటే ఎత్తలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఖురాన్ ముందు కూర్చుని పిల్ల అబద్ధమాడిందా?... అది నేను నేర్పలేదమ్మా!"

"నేను నేర్పాను అత్తమ్మా... నేనే నేర్పాను!"

కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు ముసుగు సర్దుకుని, చెప్పుల కోసం చూసింది. కోడలే తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పద తల్లీ," అంది అత్తగారు. "పిల్ల ఒక్కతే కూర్చునుంటుంది."