రింగుల మధ్య చీకటి

"రీల్స్ కోసమా మేడం?" అన్నాడు సురేందర్.

అనకుండా ఉండాల్సింది. అమ్మిన సరుకైతే వెనక్కి తీసుకోవచ్చు. జారిన మాటను ఏ సేటూ వెనక్కి తీసుకోలేడు.

నాంపల్లిలో సాయన్న దుకాణం అంటే కార్ల హెడ్‌లైట్లకు రింగులు వేసే చోటు. లైటును ఊడదీసి ఓవెన్‌లో వేడి చేస్తారు. గమ్ము మెత్తబడ్డాక ముందరి అద్దం విప్పి, లోపల గుండ్రంగా వెలిగే ఎల్‌ఈడీ రింగు కూర్చోబెట్టి, మళ్లీ అద్దం అతికిస్తారు. స్విచ్ వేస్తే బండి కళ్లు తెరిచినట్టుంటుంది. అంతకుమించి దాని ఉపయోగం ఏమీ లేదని సురేందర్ నమ్మకం. ఆ పని మీదే బతుకుతున్నాడు కూడా. జనగామ పక్క పల్లెటూరివాడు. చెయ్యి మంచిది. నోరే కాదు.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చీర కుచ్చిళ్లకు బురద తగలకుండా పట్టుకుని ఉంది. మెడలో బ్యాంకు కార్డు, దాని మీద భవ్య అని పేరు. వెనకాల పాత తెల్ల కారు.

"నా మొహం చూస్తే రీల్స్ చేసేదానిలా ఉందా?"

"మొఖం చూస్తే చెయ్యాలె అనిపిస్తది మేడం."

కౌంటర్ వెనక సాయన్న దగ్గాడు. "సురేందరూ, బోణీ బేరంరా. జర నోరు కట్టేస్కో."

భవ్య ఒక అడుగు ముందుకు వేసింది. "మా నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. పార్కింగ్‌లో తెల్ల కార్లన్నీ ఆయన కంటికి ఒకటే. పోయిన నెల వేరేవాళ్ల కారు తలుపు లాగుతూ నిలబడ్డారు. సెక్యూరిటీ అతను దొంగనుకుని చెయ్యి పట్టుకున్నాడు. జీవితమంతా గవర్నమెంటు ఉద్యోగం చేసిన మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేను రిమోట్ నొక్కితే రింగులు వెలగాలి. అది మన బండే అని ఆయనకి దూరం నుంచే తెలియాలి. ఇప్పుడు చెప్పండి, రీల్స్ కోసమా?"

సురేందర్ తల దించుకున్నాడు. "తప్పైంది మేడం."

"వినపడలేదు."

"తప్పైందంటున్న మేడం. గీ నాంపల్లి స్టేషన్ మైకుల చెప్పమంటరా?"

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకుంది. ఆ రెంటికీ తేడా కనిపెట్టిన మగవాడు అక్కడికక్కడే చెడిపోతాడు. సురేందర్ చెడిపోయాడు.

ఆ పాత కారుకు సరిపడే సైజు రింగులు దుకాణంలో లేవు. తెప్పించాలి. అవి వచ్చేలోపు భవ్య సాయంత్రాలు వచ్చి అడిగి పోతుండేది. పనిచేసేది గన్‌ఫౌండ్రీలో. ఇల్లు అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో. ఆ దారిలో నాంపల్లి తగలదు. ఈ సంగతి ముందు పట్టుకున్నది సాయన్నే.

"అబిడ్స్‌ల ఆగాల్సిన పిల్ల గీడిదాంక ఎందుకొస్తున్నదిరా?"

"రింగులొచ్చినయా అని అడగనీకె."

"ఫోన్ల అడగొచ్చు గద."

"మన నంబరు ఆమెకు తెల్వదు అన్నా."

"బోర్డు మీద గంత పెద్దగ రాపిచ్చిన! బస్సులకెల్లి సూసినా కనబడ్తది!"

రింగులు వచ్చాక రంగు దగ్గర ఒక సాయంత్రం గడిచింది.

"పసుపుదైతే వానల మంచిగ కొడ్తది."

"కళ్లకి కామెర్లు వచ్చినట్టుంటుంది."

"పోనీ నీలం?"

"అంబులెన్స్ అనుకుని అందరూ దారిస్తారు."

"మంచిదే గద మేడం. గీ అబిడ్స్ ట్రాఫిక్‌ల ఎవరిస్తరు దారి?"

ఈసారి నవ్వు ఆగలేదు. "తెలుపే వేయండి. మీరు ప్రతి కస్టమర్‌తోనూ ఇంతసేపు మాట్లాడతారా?"

"లేదు మేడం. మిగతాటోళ్లు గా తెలుపేదో ముందే చెప్పి పోతరు."

శనివారం పొద్దున ఆమె కారు వదిలి బ్యాంకుకు వెళ్లింది. సురేందర్ లైట్లు రెండూ ఊడదీశాడు. ఓవెన్‌లో పెట్టేముందు అసలు బల్బులు తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, షెల్ఫ్ మీద పెట్టాడు. వాటి గాజుకు వేలు తగలకూడదు. వేలి జిడ్డు అంటుకుంటే బల్బు తొందరగా మాడిపోతుంది. అద్దాలు అతికించి, లైట్లను కారులో బిగించాక, చిట్టచివర వెనక నుంచి ఆ బల్బులు పెట్టాలి. ఏ కారుకైనా అదే వరస. అతని చేతులకు అది నిద్రలో కూడా వచ్చు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. భవ్య చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. గొడుగు లేదు. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అయిపోయిందా? సాయంత్రం నాన్నగారిని తీసుకుని జగ్గయ్యపేట వెళ్లాలి. మా అత్తయ్య కామాక్షి ఉండేది అక్కడే. నాన్నగారి కళ్లకి ఎండ పడదు, అందుకని సాయంత్రం ప్రయాణం. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి ఆయనకి సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపిస్తే గానీ కారు ఊరు దాటదు."

"అయిపొయింది. కండ్లు మూస్కోన్రి."

చివరి బోల్టు బిగించి, దుకాణం దీపాలు ఆర్పి, రింగుల స్విచ్ వేశాడు. చీకట్లో రెండు తెల్లటి వలయాలు వెలిగాయి. భవ్య కళ్లు తెరిచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"బాబోయ్! పెళ్లి కారులా ఉంది."

"పెండ్లి కారంటే పూలుండాలె."

"పెళ్లికొడుకు కూడా ఉండాలి కదండీ?"

సురేందర్ చేతిలో ఉన్న పని ఏమిటో కూడా మరిచిపోయి బానెట్ దించేశాడు.

"అన్నీ చూసినవా రా?" అని లోపల్నుంచి సాయన్న అరిచాడు.

"చూసిన అన్నా!"

చూశాడు. రింగులు చూశాడు. ఆ వెలుగు పడ్డ ఆమె మొహం చూశాడు. షెల్ఫ్ వైపు చూడలేదు.

"నంబర్ చెప్పున్రి మేడం. లోపలికి తేమ గిట్ల వస్తే చెయ్యనీకె... వారంటీ ఉంటది."

ఆమె ఒక్క క్షణం ఆగి, గడగడా ఏవో అంకెలు చెప్పి, కారెక్కి వెళ్లిపోయింది. వాన ఆమె వెనకే పరదాలా పడింది. సురేందర్ ఆ నంబరును ఫోన్‌లో దాచుకుని, ఎవరూ చూడకుండా మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

సాయంత్రం షెల్ఫ్ సర్దుతుంటే గుడ్డ మూట చేతికి తగిలింది. విప్పకముందే అర్థమైంది.

బల్బులు రెండూ లోపలే ఉన్నాయి.

భవ్య కారుకు లైట్లు లేవు. రింగులు వెలుగుతాయి కాబట్టి లైట్లు వేశాననే అనుకుంటుంది. ఊళ్లో వీధి దీపాలు ఉంటాయి, తేడా తెలియదు. ఊరు దాటాక హైవే మీద చీకటి, వాన, లారీలు. పక్క సీట్లో కళ్లు ఆనని తండ్రి.

ఆమె ఇచ్చిన నంబరు నొక్కాడు. అవతల ఎవరో మగమనిషి గొంతు. వెనక డప్పు.

"భవ్య మేడం ఉన్నరా?"

"భవ్య లేదు, గివ్య లేదు. ఇది బ్యాండు మేళం. పెండ్లెప్పుడు తమ్మీ? తారీకు చెప్పు."

తప్పు నంబరు ఇచ్చింది. తల కొట్టేసినట్టయింది. అయినా ఆమెను అనడానికి అతనికి హక్కు లేదు. వారంటీ సాకుతో ఆడపిల్ల నంబరు అడిగినవాడికి దక్కాల్సిందే దక్కింది. కానీ శిక్ష పడబోయేది వాడికి కాదే!

సాయన్న మూట వైపు చూశాడు. ఓదార్చలేదు. "చూసిన అంటివి గదరా?"

"అన్నా..."

"ఏడ్సుడు తర్వాత. ఉరుకు!"

మూటను పాలిథిన్ సంచిలో చుట్టి చొక్కా లోపల దోపుకుని బైక్ తీశాడు. వాన సూదుల్లా మొహానికి గుచ్చుకుంటోంది. ఆమెకేమన్నా అయితే లోకం క్షమించినా తనను తాను క్షమించుకోలేడు. ఈ జన్మలో మరో దీపం ముట్టుకోడు.

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ దుకాణాలన్నీ తొంగి చూశాడు. భవ్య లేదు. కళ్లజోడు పెట్టుకున్న ప్రతి పెద్దాయన మొహంలోకీ చూస్తుంటే ఒకాయన కప్పు పట్టుకుని పక్కకు జరిగాడు. వచ్చి వెళ్లిపోయారా? ఈపాటికి చాదర్‌ఘాట్ దాటేశారా?

వానకు రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ అయింది. అబిడ్స్ వైపు నుంచి బళ్లు బారులు తీరి ఉన్నాయి. వందల హెడ్‌లైట్లు, అన్నీ నీళ్లలో కరిగి పారుతున్నట్టున్నాయి. వాటి మధ్య ఒకచోట మాత్రం రెండు సన్నని తెల్లటి సున్నాలు. వాటి నడుమ నల్లటి చీకటి.

ఆ చీకటిని అతను తప్ప మరొకరు గుర్తుపట్టరు. అది అతని చేతి పనే.

బైక్ పక్కన పడేసి, బళ్ల సందుల్లోంచి పరుగెత్తి, ఆ కారు ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. వెనక నుంచి హారన్లు మోగాయి.

భవ్య అద్దం దించింది. "ఏంటిది? తప్పు నంబరిచ్చానని కొట్టడానికి వచ్చావా?"

"బండి పక్కకు తియ్యిన్రి!"

"ఎవరమ్మా ఇతను?" అన్నాడు పక్క సీట్లోంచి ఆమె తండ్రి రాధాకృష్ణమూర్తి.

"రింగులు వేసినతను నాన్నగారూ."

"వేశాడు కదా. మళ్లీ ఎందుకు వచ్చాడు?"

సురేందర్ చొక్కాలోంచి మూట తీశాడు. "మేడం, మీ బండికి లైట్లు లేవు."

"వెలుగుతున్నాయిగా?"

"అవి రింగులు. లైట్లు ఇవి."

ఆమె మూట వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. వెంటనే కారును మార్కెట్ గోడ పక్కకు తీసింది.

రాధాకృష్ణమూర్తి గొడుగు పట్టుకుని దిగాడు. బానెట్ ఎత్తాక గొడుగును సరిగ్గా బల్బుల మీదకు జరిపాడు. సురేందర్ వీపు మీద వాన కుండపోతగా పడుతోంది.

"బల్బు తడవకూడదు. నువ్వు తడిసినా ఫరవాలేదు."

"ఔ సార్."

వేళ్లను గాజుకు తాకనివ్వలేదు. ఒకటి కూర్చుంది. రెండోదీ కూర్చుంది. "వెయ్యిన్రి మేడం!"

వెలుగు ఒక్కసారిగా మార్కెట్ రాతిగోడ మీద పడింది. వాన దారాలు దారాలుగా కనిపించింది. భవ్య స్టీరింగ్‌కు నుదురు ఆనించి గట్టిగా ఊపిరి వదిలింది. సురేందర్ ఉన్నచోటే, తడి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. ఏడుపో నవ్వో తెలియనిదేదో గొంతులోంచి వచ్చింది.

భవ్య దిగి వచ్చి అతని ముందు నిలబడింది. "ఫోన్..." అని నాలుక్కరుచుకుంది.

"చేసిన. బ్యాండు మేళపాయన ఎత్తిండు. పెండ్లి తారీకు అడిగిండు."

"నీ నంబరు బ్యాండువాళ్లకి ఎలా వెళ్లిందే?" అన్నాడు తండ్రి.

"షాపుల్లో ఎవరడిగినా నోటికొచ్చింది చెప్పడం అలవాటు నాన్నగారూ." ఆమె సురేందర్ వైపు చూడకుండానే గొంతు తగ్గించింది. "ఇంటికి వెళ్లాక బాధేసింది. మళ్లీ నాంపల్లి వెళ్లి అసలు నంబరు చెప్పి వద్దామనుకునేలోపు నాన్నగారు ప్రయాణానికి చెప్పులేసుకున్నారు."

రాధాకృష్ణమూర్తి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "ఇతను బల్బులు మర్చిపోయాడు. నువ్వు నంబరు అబద్ధం చెప్పావు. మధ్యలో చావాల్సింది నేను." సురేందర్ వైపు తిరిగాడు. "రోజూ చేసే పని కదా అబ్బాయ్. ఎలా మర్చిపోయావు?"

గమ్ము ఆరలేదని చెప్పొచ్చు. వాన మీదకు నెట్టొచ్చు. సురేందర్ లేచి నిలబడ్డాడు.

"మీ అమ్మాయిని చూసుకుంట మర్చిపోయిన సార్."

భవ్య చెవులు ఎర్రబడ్డాయి.

"దీన్ని నేను క్షమించను," అన్నాడు పెద్దాయన.

"చెయ్యకున్రి సార్."

"నాన్నగారూ..." అంది భవ్య. "దారి కాని దారిలో నాంపల్లి దాకా రోజూ వెళ్లింది నేనే. అతన్నొక్కడినే అనకండి."

ఆయన కూతురి వైపు చాలాసేపు చూశాడు. ఆపరేషన్ అయిన కళ్లే. అయినా చూడాల్సింది చూశాయి.

"ఈ వానలో ఇక ప్రయాణం వద్దు. ఎండైనా సరే, రేపు పొద్దున వెళ్దాం," అన్నాడు. "నువ్వు కూడా వస్తున్నావు అబ్బాయ్. జగ్గయ్యపేట దాకా వెనక సీట్లో కూర్చుంటావు. ఆ లైట్లని నేను నమ్మను. మా చెల్లెలు కామాక్షి అడిగితే, చేసిన నిర్వాకం నీ నోటితోనే చెప్పు."

"వస్త సార్."

భవ్య మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పొద్దున పూట లైట్లతో పనేముంది నాన్నగారూ?"

రాధాకృష్ణమూర్తి కారు వెనక తలుపు తెరిచి, సీటు నిండా ఉన్న సామాన్లు ఒక్కొక్కటే తీసి డిక్కీలో పెట్టడం మొదలుపెట్టాడు.